కొత్త ఫ్లాట్‌కి హోమ్ ఇన్‌స్పెక్షన్: 7,906 రూపాయలకి ఏం వచ్చింది, ఏం రాలేదు

తాళాలు తీసుకునే ముందు కొత్త ఫ్లాట్‌ని గది గదీ చూసి, లోపాలన్నీ రాసి రిపోర్టు ఇచ్చే కంపెనీలు హైదరాబాద్‌లో ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి. మేం పిలిపించినవాళ్లు చదరపు అడుగుకి ఐదు రూపాయలన్నారు. బాచుపల్లి వైపు మేం కొన్న ఫ్లాట్ 1,340 అడుగులు. పైన 18 శాతం జీఎస్టీ. వెరసి 7,906 రూపాయలు, అదీ ముందే కట్టాలి. ఆ కంపెనీ పేరు గానీ, బిల్డర్ పేరు గానీ ఇక్కడ రాయను. ఇద్దరితోనూ నాకింకా పని ఉంది.

మా ఆయనకి ఇది మొదట్నుంచీ నచ్చలేదు. "ఎనిమిది వేలు పోసి టైల్స్ తట్టించుకోవడం ఏంటి, మనకి చేతుల్లేవా?" అన్నారు. చేతులున్నాయి. కానీ నేను తట్టి "ఇక్కడ డొల్లగా ఉందండీ" అంటే సైట్ ఇంజనీర్ నవ్వేసి "ఏం కాదు మేడమ్" అంటాడు. కొలత, ఫోటో, తేదీ, సంతకం ఉన్న కాగితం ముందు పెడితే అంత తేలిగ్గా అనలేడు. ఇన్సూరెన్స్ కంపెనీలో మోటార్ క్లెయిములు చూడటం నా ఉద్యోగం. బండికి ఎంత పెద్ద దెబ్బ తగిలిందన్నది తర్వాతి సంగతి, అది ఎప్పటి దెబ్బో కాగితం మీద ఉందా లేదా అన్న దగ్గరే సగం క్లెయిములు తేలిపోతాయి. ఇంటికీ అలాంటి కాగితం ఒకటి ఉండాలనుకున్నాను.

కొత్త ఇంటికి వారంటీ ఉంటుందనే చాలామందికి తెలీదు. తెలిసినవాళ్లు కూడా బిల్డర్ చెప్పిందే వారంటీ అనుకుంటారు. మా అగ్రిమెంట్ చివర్లో చిన్న అక్షరాల్లో 'ఏడాది' అని ఉంది. దాని కింద మినహాయింపులు: ప్లాస్టరింగ్‌లో వచ్చే సన్నటి పగుళ్లు లోపం కాదు, ఎండకీ వానకీ వచ్చే మార్పులు లోపం కాదు, కొన్నవాళ్లు లోపల ఏ పని చేయించుకున్నా ఇక బిల్డర్‌కి బాధ్యతే లేదు. పాలసీలు రాసే మావాళ్లకి కూడా ఇంత చేయి తిరగలేదు.

చట్టం మాత్రం వేరేగా ఉంది. 2016 నాటి రెరా చట్టం, అంటే ఇళ్లు కొనేవాళ్ల కోసం వచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, సెక్షన్ 14, సబ్‌సెక్షన్ 3 ప్రకారం, పొజెషన్ ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్ల లోపు స్ట్రక్చర్‌లో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ, ఇచ్చిన సదుపాయాల్లో గానీ లోపం ఉందని మనం తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగు చేయించాలి. చేయించకపోతే పరిహారం అడగొచ్చు. రెరా నమూనా అగ్రిమెంట్‌లోనూ ఐదేళ్లే రాసి ఉంటుంది. బిల్డర్ తన కాగితంలో ఏడాది అని రాసుకున్నంత మాత్రాన ఐదు ఒకటైపోదు.

మా మరిది డాలస్ దగ్గర కొత్త ఇల్లు కొన్నాడు. అక్కడ మామూలుగా పనితనానికి ఏడాది, ప్లంబింగ్, కరెంటు లాంటి వాటికి రెండేళ్లు, స్ట్రక్చర్‌కి పదేళ్లు ఇస్తారట. తలుపు సరిగ్గా పడకపోయినా, టైల్ లేచినా ఐదేళ్లదాకా అడగొచ్చు అన్న లెక్కన చూస్తే కాగితం మీద మనదే మెరుగు. కాకపోతే అక్కడ ఏడాది వారంటీ ముగిసేలోపు, పదకొండో నెలలో ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించి ఇంకోసారి అంతా చూపించుకోవడం అలవాటు. మనవాళ్లు గృహప్రవేశం రోజు పాలు పొంగించాక బిల్డర్ ముఖం మళ్లీ చూడరు, గోడ చెమ్మెక్కేదాకా.

ఇక ఇన్‌స్పెక్షన్ సంగతి. చివరి ఐదు శాతం డబ్బు మా దగ్గర ఉండగానే చేయించాం. అది కట్టేశాక బిల్డర్ ఆఫీసులో మన ఫోను ఎవరూ ఎత్తరు, ఈ మాట అపార్ట్‌మెంట్ కొన్న ఎవర్నడిగినా చెబుతారు. బయటివాళ్లని లోపలికి రానివ్వమని కొందరు బిల్డర్లు అడ్డం తిరుగుతున్నారని విని, ముందే ఈమెయిల్ పెట్టి ఒప్పించుకున్నాను.

ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. సంచీలో లేజర్ కొలబద్ద, స్పిరిట్ లెవెల్, గోడకి ఆనిస్తే చెమ్మ శాతం చూపించే మీటరు, థర్మల్ కెమెరా, సాకెట్ టెస్టర్, చివర చిన్న గుండు ఉన్న స్టీలు కడ్డీ. ఒకతను ఆ కడ్డీ పట్టుకుని హాల్లో మూల నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో టైల్‌కి నాలుగు మూలలా, నడి మధ్యలో తడుతూ పోతున్నాడు. టిక్ టిక్ అని ఒకే రకంగా వస్తున్న చప్పుడు డైనింగ్ టేబుల్ వేసే చోటుకి రాగానే డబ్ డబ్ అని మారింది. అప్పటిదాకా ఫోను చూసుకుంటున్న మా ఆయన కూడా తలెత్తారు. ఆ వరసలో పక్కపక్కన ఆరు టైల్స్‌కి నీలం టేపు అతికించాడు. పెద్ద సైజు విట్రిఫైడ్ టైల్‌ని అడెసివ్‌తో కాకుండా సిమెంటు పాలు పోసి అతికిస్తే కింద అక్కడక్కడా గాలి మిగిలిపోతుందట. ఆ చోట మంచం కోడో, ఫ్రిజ్ చక్రమో పడితే విరుగుతుంది.

రెండో అతను కరెంటు చూశాడు. నా డబ్బుకి అసలు న్యాయం జరిగింది ఇక్కడే. కరెంటు లీకయితే సరఫరా ఆపేసే స్విచ్చు, ఆర్‌సీసీబీ, 30 మిల్లీయాంప్స్‌కి సరిగ్గానే ట్రిప్పయింది. లోపలి బాత్రూమ్‌లో గీజర్ కోసం ఇచ్చిన 16 యాంప్స్ సాకెట్‌లో టెస్టర్ పెడితే మాత్రం ఎర్త్ చూపించలేదు. బిల్డర్ ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ప్లేటు విప్పించాం. ఆకుపచ్చ వైరు వెనకాల చుట్ట చుట్టి పడి ఉంది. టెర్మినల్‌కి బిగించనే లేదు. ఆ అబ్బాయి ఏమీ మాట్లాడకుండా ఐదు నిమిషాల్లో బిగించేశాడు. గీజర్‌లో లీకేజీ వస్తే కరెంటు భూమిలోకి పోవాల్సిన దారి అదొక్కటే. మనం ఎన్నిసార్లు వెళ్లి స్విచ్చులు వేసి చూసుకున్నా ఇది తెలియదు, ఎందుకంటే గీజర్ ఎర్త్ లేకుండా కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

బాత్రూమ్‌ల వాలు, యుటిలిటీలో నీళ్లు నిలవడం, యూపీవీసీ కిటికీల బీడింగు, తలుపుల సందులు, కుళాయిల ప్రెషర్ అన్నీ చూశారు. బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క, కొలిచారు. తాగే నీళ్లకి ఐఎస్ 10500 అనే భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేని చోట 2,000 దాకా సరే అంటారు. మాది 900 పైన. అది బిల్డర్ తప్పు కాదు, బాచుపల్లి నేల తప్పు. అయినా రిపోర్టులో ఎర్ర రంగులో వేశారు.

రిపోర్టు దగ్గరే నాకు చిరాకేసింది. అరవై పేజీల పైన ఉంది, ఫోటోలతో సహా. గీజర్‌కి ఎర్త్ లేకపోవడం ఎక్కడో ముప్ఫై పేజీలు దాటాక, స్విచ్ బోర్డు మీద పెయింటు మరక పక్కన. రెండింటికీ ఒకే సైజు అక్షరాలు. మా ఆఫీసులో సర్వేయర్ ఇలాంటి రిపోర్టు ఇస్తే తిప్పి పంపుతాం. ముందు ప్రాణానికి ప్రమాదమైనవి, తర్వాత నీళ్లు కారేవి, ఆ తర్వాత పనితనం, చివర్న మరకలు అని విడదీస్తే చదివేవాడికి పని తేలిక. బిల్డర్‌కి తప్పించుకునే వీలూ తగ్గుతుంది. ఇలా అన్నీ కలిపేస్తే అతను మరకలు తుడిపించి "ఎనభై శాతం పూర్తి చేశాం" అంటాడు. అన్నాడు కూడా. ఇంకో సంగతి, ప్రతి పేజీ అడుగునా ఐఎస్ నంబర్లు చల్లేశారు. లప్పం మీద వచ్చిన గీతకి ఐఎస్ 456 అని వేశారు. అది కాంక్రీటు కోడు. సైట్ ఇంజనీర్ ఆ ఒక్కటీ పట్టుకుని రిపోర్టంతా కాపీ కొట్టిందే అని తీసిపారేయబోయాడు. చివరికి నేనే ఆ పేజీలన్నీ పక్కన పెట్టి, ముఖ్యమైనవి ఏరి, రెండు పేజీల జాబితా చేసి పంపాను.

వాళ్లు చూడనివీ ఉన్నాయి. మా అత్తయ్య ఫ్లాట్‌లోకి అడుగు పెట్టి నేరుగా బాల్కనీ తలుపు దగ్గరికెళ్లి, "ఇదేంటమ్మా, లోపలా బయటా ఒకే ఎత్తులో ఉంది? వాన నీళ్లు హాల్లోకి రావూ?" అన్నారు. నిజమే. బాల్కనీ ఫ్లోరింగ్ హాలు కంటే అంగుళమైనా కిందికి ఉండాలి. లేజర్ కొలబద్ద తెచ్చినవాళ్లు అక్కడే నిలబడి గ్రిల్ పెయింటు ఫోటో తీసుకెళ్లారు తప్ప ఈ మాట రాయలేదు. ఫోన్ చేస్తే తప్పు ఒప్పుకుని రిపోర్టు సవరించి పంపారు, అది మెచ్చుకోవాలి. బిల్డర్ బాల్కనీ టైల్స్ లేపి మళ్లీ వేయలేదు, తలుపు కింద గ్రానైటు గడప ఒకటి పెట్టించాడు. దాంతో సర్దుకున్నాం.

బాత్రూమ్‌లో నీళ్లు నిలబెట్టే పరీక్ష కూడా వీళ్ల ప్యాకేజీలో లేదు. అసలైన పరీక్ష అదే. నహానీ ట్రాప్‌లో, అంటే నీళ్లు పోయే జాలీ రంధ్రంలో, గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్లు నింపి, 48 గంటలు వదిలేసి, కింది ఫ్లాట్ సీలింగ్ చూడాలి. మా కింద 304లో ఇంకా ఎవరూ దిగలేదు కాబట్టి తాళం తీయించి చూడటం కుదిరింది. పైపు స్లాబ్‌లోంచి దిగే చోట గుండ్రంగా తడి మచ్చ కట్టింది. పైపు చుట్టూ గ్రౌటింగ్ మళ్లీ చేయించి, మళ్లీ నీళ్లు నింపించాను. ఈసారి పొడిగా ఉంది. కింద జనం దిగాక ఈ పని చేయాలంటే రెండిళ్లకీ తగాదా, ఫాల్స్ సీలింగ్ పెట్టుకున్నాక అయితే మచ్చ కనపడే సరికే అది కుళ్లిపోయి ఉంటుంది. మీరు ఏ కంపెనీని పిలిచినా ఇది చేస్తారా అని ముందు అడగండి. "థర్మల్ కెమెరాలో తెలిసిపోతుంది మేడమ్" అంటే నమ్మకండి. థర్మల్ కెమెరా చూసేది వేడిలో తేడానే. తడి ఉంటే ఆ చోటు చల్లగా కనపడుతుంది. అసలు నీళ్లే పారని కొత్త బాత్రూమ్‌లో దానికేం కనపడుతుంది?

వానది కూడా అదే కథ. మాకు ఇన్‌స్పెక్షన్ జరిగింది ఎండాకాలం. పడమటి గోడకి చెమ్మ మీటరు పెడితే ఎముకలా పొడిగా ఉంది. జూన్‌లో నైరుతి వానలు మొదలవగానే పడకగది కిటికీ కింద లప్పం ఉబ్బి, పెచ్చులు ఊడటం మొదలైంది. హైదరాబాద్‌లో వాన చాలావరకు పడమటి గోడనే కొడుతుంది. మీకు వీలుంటే వానాకాలంలోనే తాళాలు తీసుకోండి, లేదంటే మొదటి వానలయ్యాక ఇంకోసారి చూపించుకోండి. రెండో విజిట్‌కి మా కంపెనీ సగం రేటు అడిగింది. నేను ఇవ్వలేదు, ఫోటోలు నేనే తీసుకున్నాను.

కిటికీకి మొదట సిలికాన్ పూసి వెళ్లారు. వారంలో మళ్లీ అదే మచ్చ. అప్పుడు మేస్త్రీ ఒకాయన, బిల్డర్ మనిషే, పెద్దాయన, బయటికి తల పెట్టి చూసి అసలు విషయం చెప్పాడు: "గ్రానైటుకి వాటం లోపలికుందమ్మా. ఎంత సిలికాన్ రాసినా నీళ్లు నీ గదిలోకే వస్తాయి." కిటికీ కింద పలక బయటి వైపుకి వాలి ఉండాలి, దాని అడుగు అంచున నీటి చుక్క వెనక్కి పాకకుండా చిన్న గాడి కొట్టి ఉండాలి. మా కిటికీకి రెండూ లేవు. అది పనితనం లోపమే, ఎండావానల ప్రభావం కాదు. ఈ మాటే రాసి, ఫోటోలు జత చేసి, సెక్షన్ నంబరు వేసి ఈమెయిల్ పెట్టాను, అదే రిజిస్టర్డ్ పోస్టులో కూడా. వాట్సాప్‌లో పెడితే సైట్ ఇంజనీర్ ఉద్యోగం మారినప్పుడు మన ఫిర్యాదు కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. "వానలు తగ్గాక చేస్తాం" అని జవాబొచ్చింది. బయటి గోడ పని తడిలో చేయలేరు కాబట్టి ఆ మాటలో కొంత నిజముంది. తేదీ రాసివ్వమన్నాను, ఇచ్చారు. తాళ్లు కట్టుకుని పైనుంచి దిగే కుర్రాళ్లు వచ్చి పలక తీసి, వాటం మార్చి వేశారు. తర్వాతి వానకి కారలేదు.

పగుళ్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది భయపడేది వాటికే. మా గోడలు ఏఏసీ బ్లాకులు, అంటే గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు ఇటుకలు. కాంక్రీటు పిల్లరు, బ్లాకు గోడ కలిసే చోట నిలువునా గీత వచ్చింది. రెండు వేరు వేరు సరుకులు, ఎండకి ఒక్కోటి ఒక్కోలా కదులుతాయి. అందుకే ఆ అతుకు మీద జాలీ పరిచి ప్లాస్టరింగ్ చేయాలి. చేయకపోతే గీత ఖాయం. ఇల్లు కూలిపోదు, కానీ "కామన్ మేడమ్" అని లప్పం రాసి పోతే నెల తిరక్కుండా మళ్లీ తేలుతుంది. మాకు సరిగ్గా అలాగే తేలింది. గాడిలా కొట్టి, పాలిమర్ ఫిల్లర్ నింపి, ఫైబర్ జాలీ అతికించి, ఆపైన లప్పం వేస్తేనే నిలిచింది. భయపడాల్సినవి వేరే: పిల్లర్‌లో, బీమ్‌లో, స్లాబ్‌లో వచ్చే పగుళ్లు, తుప్పు మరకతో వచ్చేవి. అవి కనిపిస్తే ఇన్‌స్పెక్షన్ కంపెనీలు చాలవు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవాల్సిందే. కాంక్రీటు లోపల ఏముందో ఈ 7,906 రూపాయల్లో ఎవరూ చూడరు. కాంక్రీటు దిమ్మెలు పోసి వాటి బలం కొలిచే క్యూబ్ టెస్టు రిపోర్టులు బిల్డర్‌ని అడిగి తీసుకున్నాను. అందులో 28 రోజుల బలం ఎంత వచ్చిందో ఉంటుంది. మాకు జిరాక్సుల కట్ట ఒకటి ఇచ్చారు. ఫైల్లో పెట్టాను.

ఇక పొజెషన్ లెటర్. "ఫ్లాట్ పూర్తిగా పరిశీలించాను, అన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి, ఇకమీదట ఎలాంటి క్లెయిమూ లేదు" అని టైపు చేసి, సంతకం పెట్టమని పెన్ను కూడా చేతికిచ్చారు. మేం క్లెయిము డబ్బు ఇచ్చేటప్పుడు పెట్టించుకునే ఫుల్ అండ్ ఫైనల్ వోచర్‌కి దీనికి తేడా లేదు. ఒక్క తేడా, మేం డబ్బులిచ్చాక పెట్టించుకుంటాం. నేను చివరి వాక్యం కొట్టేసి, కింద "జత చేసిన లోపాల జాబితాకి లోబడి" అని చేత్తో రాసి, ఆ రెండు పేజీలూ పిన్ను చేసి సంతకం పెట్టాను. కౌంటర్‌లో అబ్బాయి "ఇలా ఎవరూ రాయరు మేడమ్" అని లోపలికెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చి, సీలు వేసి కాపీ ఇచ్చాడు. ఐదేళ్ల లెక్క మొదలయ్యేది ఆ కాగితం మీది తేదీ నుంచే. రిజిస్ట్రేషన్ తేదీ కాదు, గృహప్రవేశం ముహూర్తం కాదు. నేను ఫోన్‌లో నాలుగేళ్ల పది నెలలకి అలారం పెట్టుకున్నాను.

ఇదంతా రెరాలో నమోదైన ప్రాజెక్టు సంగతి. 500 చదరపు మీటర్ల లోపు స్థలం, అంటే దాదాపు 600 గజాల లోపు, లేదా ఎనిమిది ఫ్లాట్ల లోపు ఉంటే రిజిస్ట్రేషనే అక్కర్లేదు. మన కాలనీల్లో రెండు మూడొందల గజాల్లో లేచే అపార్ట్‌మెంట్లన్నీ దాదాపు ఆ లెక్కలోవే. అక్కడ కొనేవాళ్లు ఐదేళ్ల మాట అగ్రిమెంట్‌లో అక్షరాలా రాయించుకోండి, చివరి విడత ఇచ్చే ముందు ఇన్‌స్పెక్షన్ మరీ తప్పనిసరిగా చేయించండి. గొడవొస్తే వినియోగదారుల కమిషన్ ఎటూ ఉంది, గృహ నిర్మాణం కూడా వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ కిందికే వస్తుంది.

మార్కులేస్తే కంపెనీకి ఐదుకి మూడు. గీజర్ ఎర్త్ ఒక్కదానికే రెండు ఇచ్చాను, రిపోర్టు రాసిన తీరుకి ఒకటి కోశాను, బాల్కనీకి ఇంకొకటి. బిల్డర్ సర్వీసు టీముకి రెండున్నర. ఆ పెద్దాయన మేస్త్రీ లేకపోతే ఒకటే.

హాల్లో డొల్ల టైల్స్ మాత్రం ఇంకా తేలలేదు. "విరిగినప్పుడు మారుస్తాం" అంటారు, విరిగే నాటికి ఆ డిజైను మార్కెట్లో ఉండదు కాబట్టి మూడు పెట్టెలు ఎక్స్‌ట్రా ఇచ్చి పెట్టమన్నాను. ఒకటి ఇచ్చారు. మిగతావాటి కోసం 30 రోజుల నోటీసు వెళ్లింది, అది దాటితే తెలంగాణ రెరా సైట్‌లో ఫిర్యాదు ఫారం, ఫారం ఎం, నింపడమే. ఈలోగా మా అసోసియేషన్ వాళ్లు టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్, సంపు, లిఫ్టు, ఫైర్ పంపు కూడా ఇలాగే చూపించి ఆ తర్వాతే బిల్డర్ నుంచి చార్జి తీసుకుందామంటున్నారు. అదే కంపెనీతో బేరం నాకే అప్పగించారు. అడుగుకి మూడు రూపాయలకి దిగారు. ముఖ్యమైన లోపాలు మొదటి పేజీలో ఉండాలని, టెర్రస్ మీద నీళ్లు నిలబెట్టి చూడాలని వర్క్ ఆర్డర్‌లో రాసి పంపాను, వాళ్లింకా సంతకం చేసి పంపలేదు.